మా అమ్మకు ఏడుపు రాని ఏడాది

ఏడవడం పుట్టుకతోనే వస్తుందని లోకం అనుకుంటుంది. ఆ లోకం మా తండాకు ఎప్పుడూ వచ్చి చూడలేదు. మా సుగాలీల్లో ఆడపిల్లకు రొట్టె తట్టడం, అద్దాల లంగా కుట్టడం, కట్టెల మోపు కట్టడం ఎట్లా నేర్పుతారో ఏడవడమూ అట్లాగే నేర్పుతారు. దానికి రాగం ఉంది, వరస ఉంది, ఎక్కడ గాలి పీల్చుకోవాలో పద్ధతి ఉంది. చాలా రోజులకు కలుసుకున్న ఇద్దరాడవాళ్లు పలకరింపులకు ముందే ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి, మొహాన ముసుగు దించుకుని, పాటగా ఏడుస్తారు. ఎవరి గొడ్డు ఈనింది, ఎవరి కొడుక్కి పెళ్లి కుదిరింది, ఎవరి అత్త ఎంత గయ్యాళి, అన్ని వార్తలూ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అదయ్యాక కళ్లు తుడుచుకుని వక్కాకు వేసుకుంటారు. పెళ్లికూతురిని సాగనంపేటప్పుడూ ఇదే, చావుకూ ఇదే. రాగం మాత్రం వేరు.

మాది గార్లదిన్నెకు పడమట, గుట్ట వాలులో ఉన్న చిన్న తండా. ఏడుపులో మా అమ్మను మించిన మనిషి చుట్టుపక్కల తండాల్లో లేదు. ఇది కూతురిగా చెప్పే గొప్ప కాదు. పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఎద్దులబండి కట్టుకుని వచ్చి అమ్మను తీసుకుపోయేవాళ్లు. ఆమె గొంతెత్తితే పెళ్లికొడుకు తరఫువాళ్లు కూడా ముక్కులు చీదేవాళ్లు. ఎందుకు ఏడుస్తున్నామో వాళ్లకే తెలిసేది కాదు.

అమ్మకు ఒకే చెల్లెలు. మా చిన్నమ్మ. ఆమెను సోమందేపల్లె పక్కనున్న తండాకు ఇచ్చారు. చిన్నమ్మ ఏడుపులో అమ్మకు పూర్తిగా వ్యతిరేకం. పాట మధ్యలో ఆమెకు నవ్వు వచ్చేది. అక్కాచెల్లెళ్లు కలిసిన రోజు ఇద్దరి భుజాలూ ఊగుతుండేవి. ఒకరివి ఏడుపుకు, ఇంకొకరివి నవ్వాపుకోలేక. ఒకసారి వాళ్లు దారి పక్కన అట్లా పట్టుకుని ఏడుస్తుంటే, పక్క ఊరి రెడ్డి బండి ఆపి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "ఎవురు పోయినారమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. అమ్మ ముసుగు ఎత్తి, "ఎవురూ పోలేదన్నా. మా చెల్లెలు వచ్చింది," అంది. రెడ్డి తలపాగా మళ్లీ చుట్టుకుని, బండి తోలుకుని పోయాడు.

ఇంట్లో మేం మాట్లాడుకునేది మా భాష. ఆ మాటల్ని ఇక్కడ మా వాళ్లు సంతలో మాట్లాడే తెలుగులోకి మార్చి రాస్తున్నాను. నేను మా తండాలో అయిదో తరగతి దాకా బడికి పోయిన మొదటి ఆడపిల్లను. చాలా ఏళ్ల తర్వాత బాలవాడిలో పంతులమ్మనయ్యాను. రాయడం ఆ బడి ఇచ్చిందే. కోపం మాత్రం పుట్టుకతో వచ్చింది.

ఇది నా పెళ్లి కుదిరిన ఏడాది సంగతి. ఆ వానాకాలంలో వాన రాలేదుగానీ జ్వరాలు వచ్చాయి. చిన్నమ్మ జ్వరంతో పోయింది. కబురు చేసే దిక్కు లేక, వాళ్ల తండాలో అన్నీ జరిపించేశారు. ఎన్నో రోజుల తర్వాత ఎద్దులు అమ్మేవాడొకడు ఆ దారిన వస్తూ, మాటల మధ్యలో చెప్పాడు. అమ్మ అప్పుడు కట్టెల మోపు కడుతోంది. విన్నది. చేతిలో ఉన్న ముడి బిగించింది. మోపు తలకెత్తుకుని, గార్లదిన్నెకు పోయే బాట పట్టింది. చీకటి పడేలోగా అమ్ముకుని, ఉప్పూ మిరపకాయలూ కొంగున కట్టుకుని తిరిగొచ్చింది. ఒక్క చుక్క రాల్చలేదు.

మా తండాలో చావు ఏడుపుకు ఒక మర్యాద ఉంది. రక్తం పంచుకున్నవాళ్లలో అందరికన్నా దగ్గరి మనిషి మొదలుపెట్టాలి. ఆ తర్వాతే తక్కినవాళ్లు అందుకోవాలి. ముందే ఎవరైనా నోరెత్తితే వాళ్లు ఆ చావును కోరుకున్నట్టు లెక్క. అందుకని తండా ఆడవాళ్లంతా ఆ సాయంత్రం మా గుడిసె ముందు చేరి, ముసుగులు సర్దుకుని, గొంతులు సవరించుకుని, సిద్ధంగా కూర్చున్నారు. అమ్మ పొయ్యి రాజేసి సంగటి కెలుకుతోంది. వాళ్లు ఎదురు చూశారు. అమ్మ అందరికీ మజ్జిగ పోసింది. తాగి పోయారు. మరుసటి రోజు మళ్లీ వచ్చారు. కొన్నాళ్లపాటు ఇదే తంతు. బస్సు వస్తుందో రాదో తెలియని రోడ్డు మీద నిలబడ్డట్టు, "ఈ దినమన్నా ఉండాదా?" అని నన్ను చాటుకు పిలిచి అడిగేవాళ్లు. "తెలీదు, పోండి" అనేదాన్ని. అడిగి అడిగి వాళ్లకూ విసుగొచ్చింది.

ఏడుపు జరగలేదు కాబట్టి చిన్నమ్మ చనిపోయిందని ఎవరూ పైకి అనడానికి లేదు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు. మాటల్లో ఆమె పేరు వస్తే, ఆమె ఇంకా సోమందేపల్లె పక్కన బతికే ఉన్నట్టు మాట్లాడి, గబగబా ఇంకో మాటలోకి దూకేవాళ్లు.

అమ్మ మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. మోచేతి పైన బిగుతుగా ఉండే గాజులు మణికట్టు దాకా జారేవి. సంగట్లో రెండుసార్లు ఉప్పు వేసేది, లేదా అసలు వేసేది కాదు. పని మానలేదు, కొండకు పోవడం మానలేదు. కానీ పిలిస్తే ఒక పిలుపుకు పలికేది కాదు. చేతిలో రొట్టె ముక్క పట్టుకుని గుట్ట వైపు చూస్తూ కూర్చునేది. ఆ ముక్కను కోడి లాక్కుపోయినా తెలిసేది కాదు. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. అందరి మీదా అరిచేదాన్ని. పక్క గుడిసె ముసలామె, "ఈ పిల్లకు మొగుడు దొరకడమే గొప్ప," అంది. అప్పటికి దొరికాడు కాబట్టి నేను లెక్కచేయలేదు.

తండా పెద్ద అయిన నాయక్ పంచాయితీ పెట్టించాడు. ఏడుపు లోపల నిలిచిపోతే అది జబ్బు అని అందరికీ తెలుసు. అట్లా నిలిచిపోయి మతి చెడిన మనుషుల్ని మా పెద్దవాళ్లు చూశారు. దాన్ని బయటికి తీయాలి. తీయగలిగినవాడు భగత్. మా భాషలో, దేవత పూనే మనిషిని భగత్ అంటారు. మా భగత్ మిగతా రోజుల్లో నాయనతో కలిసి గొర్రెలు కాసేవాడు. చాలా నెమ్మదస్తుడు. పెళ్లాం కేకేస్తే ఉలిక్కిపడేవాడు. దేవత వస్తే మాత్రం ఆయన పెళ్లాం కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. అందుకే ఆయనకు దేవత కొంచెం తరచుగా వచ్చేదని మా నాయన అనేవాడు.

ఒక మంగళవారం పొద్దున్నే వేపమండలు కట్టి, ముగ్గులో అమ్మను కూర్చోబెట్టారు. డప్పు మోగింది. భగత్ ఊగాడు. దేవత పలికింది.

"నాకు పొట్టేలు కావాల!"

నాయక్ తల వంచి, "ఈ కరువులో పొట్టేలు యాడ తెచ్చేది తల్లీ? కోడినిస్తాం," అన్నాడు.

దేవత కాస్త ఆలోచించి, "సరే," అంది. వెంటనే, "సారాయి కావాల!" అంది.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది మద్యనిషేధం కాలం. మా తండాలో సారాయి కాచేవాళ్లు లేరని చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పను. కానీ అంతకు వారం ముందే పోలీసులొచ్చి, కుండలన్నీ పగలగొట్టి పోయారు. నాయక్ ఆ సంగతి దేవతకు విన్నవించాడు. దేవతకు సర్కారు చట్టం నచ్చలేదు. చాలాసేపు ఒంటికాలి మీద ఎగిరింది. చివరికి టెంకాయ నీళ్లకు ఒప్పుకుంది.

తర్వాత వైద్యం మొదలైంది. నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి అమ్మ మొహానికి పొగ పెట్టారు. లోపల ఏ గాలి పట్టుకుని ఉన్నా కళ్ల వెంబడి నీళ్లతో బయటికి పోవాలని. గాలి ఆ రోజు పడమర నుంచి కొట్టింది. పొగ ఎటు పోవాలో అటు పోలేదు. డప్పు కొట్టేవాళ్లు దగ్గుతూ డప్పులు పడేశారు. నాయక్ కళ్లు నలుపుకుంటూ గోడకు గుద్దుకున్నాడు. తండా అంతా కళ్ల నీళ్లు కారుస్తూ, ముక్కులు చీదుతూ పరుగులు. దేవత కూడా ఉక్కిరిబిక్కిరై భగత్‌ను విడిచి వెళ్లిపోయింది. ఆయన మామూలు గొంతుతో "నీళ్లు, నీళ్లు" అని అరుస్తున్నాడు. అంత మందిలో అమ్మ ఒక్కతే పొడి కళ్లతో, నిటారుగా కూర్చుని ఉంది. లేచి, నిప్పుల మీద చెంబెడు నీళ్లు పోసింది.

"పిల్లోళ్లు దగ్గుతాండారు. చాలు పోండి," అంది.

ఇక మా మేనత్త గురించి చెప్పాలి. నాయన అక్క. ఏడుపులో తండాకు రెండో మనిషి. మొదటి మనిషికీ రెండో మనిషికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో ఆమెను విన్నవాళ్లకే తెలుసు. ఆమె గొంతెత్తితే కట్టేసిన మేకలు పలుపులు తెంపుకునేవి. రాగం మొదట్లో ఒకటి ఉండేది, దారిలో ఎక్కడో తప్పిపోయేది, ఆమె దాన్ని వెతుక్కుంటూ ఎక్కడెక్కడికో పోయేది. అమ్మ ఉన్నంతకాలం ఆమెకు వెనక నిలబడి వంత పాడే పనే దక్కింది. ఇప్పుడు అమ్మ మూగబోయింది. మేనత్త మంచిదే, అమ్మ కోసం బాధపడింది, రోజూ వచ్చి తలకు నూనె పెట్టేది. కానీ బాధపడుతూనే గొంతు సాధన కూడా చేసుకునేది. గుట్ట వెనక నుంచి మాకు వినిపించేది.

"నువ్వేం దిగులు పడొద్దు. నీ పెళ్లికి నేనుండా," అంది ఒకరోజు నాతో.

అదే నా దిగులు. కాని అసలు దిగులు రాగం గురించి కాదు. మా పెళ్లిలో అన్ని తంతులూ అయ్యాక, అలంకరించిన ఎద్దు వీపు మీద పెళ్లికూతురిని నిలబెడతారు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, పుట్టింటిని దీవిస్తూ ఏడవాలి. కింద నుంచి తల్లి అందుకోవాలి. తల్లి అందుకోకపోతే ఆ పిల్ల సాగనంపిన పిల్ల కాదు, పంపించేసిన పిల్ల. అట్లా పోతే నాకు ఈ ఇంటితో ముడి తెగిపోతుంది. అంతకన్నా పెద్ద భయం, నేను పోయాక అమ్మ ఆ గుడిసె ముందు అట్లాగే కూర్చుని కూర్చుని చచ్చిపోతుందని. అందుకే నాయనతో తెగేసి చెప్పాను.

"అమ్మ ఏడిస్తేనే నేను ఎద్దెక్కేది. లేకుంటే ఆ ఎద్దునే పంపించుకోండి పెళ్లికొడుకు కాడికి."

నాయన మమ్మల్నిద్దర్నీ బస్సెక్కించి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు అమ్మ కనురెప్ప లాగి చూశాడు, నాలుక చూశాడు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు.

"ఏమైందమ్మా నీకు?" అని అడిగాడు.

"నాకేం గాలేదు సామీ. వీళ్లకే అయింది. వీళ్లను చూడు," అంది అమ్మ.

డాక్టరు నాయన వైపు తిరిగాడు. నాయన చేతులు కట్టుకుని, "ఏడుస్తా లేదు సామీ," అన్నాడు.

"ఏంటీ?"

"ఏడుస్తా లేదు. వానాకాలం నుంచి."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంట్లో ఒక్కరోజు ఎవరూ ఏడవకపోతే నేను గుళ్లో టెంకాయ కొడతానయ్యా. నువ్వేమో ఏడవలేదని ఆసుపత్రికి తెచ్చావు," అన్నాడు. పక్కనున్న కాంపౌండరు పడీ పడీ నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. "మా చిన్నమ్మ సచ్చిపాయ సార్," అన్నాను. ఆ మాట పైకి అనడం నాకు అదే మొదలు. మా తండాకు దూరంగా ఉన్నాం కాబట్టి నోరు పెగిలింది. "మాయమ్మ ఏడవాల. తినదు, పండుకోదు. మిరపకాయల పొగ పెట్టినా కండ్లలో నీళ్లు రాలేదు. ఏడవకపోతే బతకదు. మీకు నవ్వొస్తాంది."

డాక్టరు నవ్వడం మానేశాడు. కాంపౌండరును బయటికి పంపించి, స్టూలు లాక్కుని, అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. రాత్రి నిద్ర పడుతుందా అని అడిగాడు.

"నాకెందుకు సామీ నిద్ర? ఎవురో ఒకరు మేలుకోనుండాల గదా," అంది అమ్మ.

ఎవరి కోసం మేలుకోవాలని ఆయన అడిగాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన చీటీ అందుకుని, నాతో అన్నాడు.

"ఒంటికి రక్తం తక్కువైంది, దానికి టానిక్ రాస్తాను. మనసుకు తగిలిన దానికి నా దగ్గర సీసా లేదమ్మాయ్. మీ వాళ్లు ఏం చేస్తారో అదే చేయండి. ఆ మిరపకాయల పొగ మాత్రం వద్దు."

ఆ ఎర్రటి టానిక్ సీసా మా ఇంట్లో పూజలందుకుంది. అమ్మ ఒక్క చెంచా తాగి, చేదని పక్కన పెట్టింది. పారేయడం ఎందుకని నాయన తాగాడు. తాగితే లోపల వెచ్చగా, హాయిగా ఉందని కనిపెట్టాడు. నిషేధం కాలంలో అది చిన్న సంగతి కాదు. భగత్‌కు కూడా రుచి చూపించాడు. ఇద్దరూ గొర్రెల దగ్గర కూర్చుని దాన్ని గురించి చాలా గంభీరంగా మాట్లాడుకునేవాళ్లు. "మీ అమ్మకు మందు అయిపోయింది, తెస్తా," అని నాయన తనంతట తానే మళ్లీ ఆసుపత్రికి నడిచిపోయాడు. ఆ ఎండాకాలానికి ఆయన బుగ్గలు నిగనిగలాడాయి. అమ్మ గాజులు మాత్రం ఇంకా కిందికే జారుతున్నాయి.

పెళ్లి రోజు రానే వచ్చింది. అమ్మ నా లంగా కుట్టింది. అంత సన్నటి కుట్టు ఆమె కూడా అంతకుముందు కుట్టలేదు. ప్రతి అద్దం చుట్టూ దారం ఎంత బిగువుగా, ఎంత ఒద్దికగా ఉందో చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. జడ వేసింది, చెవుల పక్కన వెండి కట్టింది, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో వంటవాళ్లను అడిగింది. తంతులన్నీ అయ్యాయి. పెళ్లికొడుకు నాకు నచ్చాడు, అది వేరే కథ. ఎద్దును తెచ్చారు. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, వీపు మీద అద్దాల గుడ్డ.

నేను ఎక్కనన్నాను. నాయన బతిమాలాడు. నాయక్ గద్దించాడు. మేనత్త, "ఎక్కు, నేనుండా గదా," అని గొంతు సవరించుకుంది. చివరికి అమ్మే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కమ్మా. ఎండెక్కుతాంది," అంది. ఆమె చేతిలో బలం లేదు. ఆ చేతిని విదిలించలేక ఎక్కాను. ఇద్దరు మనుషులు నా మోకాళ్ల దగ్గర పట్టుకున్నారు. చేతులు పైకెత్తి, అమ్మ నేర్పిన రాగం ఎత్తుకున్నాను. రెండు వరసలు పాడి ఆగాను. ఇప్పుడు కింద నుంచి ఆమె అందుకోవాలి.

అమ్మ నా పాదాల దగ్గర నిలబడి, లంగా అంచు సర్దుతోంది. నోరు తెరవలేదు. మగపెళ్లివాళ్ల ఆడంగులు గుసగుసలు మొదలుపెట్టారు. "ఈ పిల్లంటే ఇంట్లో ఎవురికీ పడదేమో," అని ఒకామె అనడం నాకు పైదాకా వినిపించింది. దిగి ఆమెతో తేల్చుకుందామనుకున్నాను. నా మోకాళ్లు పట్టుకున్నవాళ్లు వదల్లేదు.

అప్పుడు మేనత్త అందుకుంది. ఎద్దు ఉలిక్కిపడి నాలుగడుగులు పక్కకు వేసింది. నేను దాదాపు కింద పడ్డాను. మేనత్త ఇవేవీ చూడలేదు. ముసుగు దించుకుని, కళ్లు మూసుకుని, ఎన్నో ఏళ్ల నుంచి దాచుకున్న ఏడుపంతా విప్పింది. పుట్టింటి బంధువుల్ని వరసగా తలుచుకుంటూ, పోతున్న పిల్లకు ధైర్యం చెప్పాలి, అది పద్ధతి. తాతను తలిచింది, మేనమామను తలిచింది. తర్వాత చిన్నమ్మ వంతు వచ్చింది. ఏడుపు జరగని మనిషి బతికున్న మనుషుల్లోనే లెక్క. తప్పించడానికి లేదు. మేనత్త పద్ధతి ప్రకారమే పాడింది.

"పోయే దారిలో మీ చిన్నమ్మ ఉండాది బిడ్డా, చెంబుతో నీళ్లిస్తాది..."

"ఇయ్యదు," అంది అమ్మ.

మామూలు మాటగా, సంతలో బేరం కుదరనప్పుడు అన్నట్టుగా అంది. మేనత్తకు వినపడలేదు.

"ఎండన పడి వస్తివని రొట్టె తట్టి పెడతాది..."

"పెట్టదు!" అమ్మ గొంతు పెరిగింది. లంగా అంచు వదిలేసి మేనత్త వైపు తిరిగింది. అక్కడక్కడా కిసుక్కుమని నవ్వారు. మేనత్త రాగం తప్పిపోయి, ఇంకో రాగంలోకి పోయి, అయినా ఆగలేదు.

"చిక్కు తీసి, తలదువ్వి, నూనె పెడతాది బిడ్డా, మీ చిన్నమ్మ..."

"యాడ పెడతాది?" అమ్మ అరిచింది. "యాడ పెడతాది, అది సచ్చిపాయ గదా!"

డప్పులు ఆగిపోయాయి. ఆమె ఆ మాట అనడం మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. అమ్మ కూడా విన్నట్టుంది. అక్కడే నిలబడి, మళ్లీ ఒకసారి అంది, మెల్లగా. "సచ్చిపాయ." మూడోసారి ఆ మాట కొస సాగింది. సాగి, వణికి, పైకి లేచి, చావు రాగమైంది.

అంతే. తండా ఆడవాళ్లు అన్ని నెలలుగా దాచిపెట్టుకున్నది బయటపడింది. ముసుగులు ఒక్కసారిగా దిగాయి. చిన్నమ్మను ఎరిగినవాళ్లూ, ఎరగనివాళ్లూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. మగపెళ్లివాళ్లు హడలిపోయారు. "ఎవురు పోయినారప్పా? ఇప్పుడే పోయినారా?" అని అడుగుతున్నారు. చెప్పేవాళ్లు లేరు. పెళ్లికొడుకు నాయక్ దగ్గరికి పోయి, "పెళ్లి ఉండాదా, లేదా?" అని అడిగాడు. నాయక్ కళ్లు తుడుచుకుంటూ, "నోర్మూసుకోని కూచో," అన్నాడు.

ఎద్దు మీద నేనున్నానని ఎవరికీ గుర్తు లేదు. నా మోకాళ్లు పట్టుకున్నవాళ్లు కూడా వదిలేసి ఏడవడానికి పోయారు. ఎద్దు నెమ్మదిగా గడ్డివాము వైపు నడిచి, నన్ను మోస్తూనే మేయడం మొదలుపెట్టింది. గడ్డివాము దగ్గర, రంగురంగుల అద్దాలతో, రెండు చేతులూ చాచి పడిపోకుండా నిలబడి, నేను చిన్నమ్మ కోసం ఏడ్చాను. రాగం లేదు, పద్ధతి లేదు. చిన్నమ్మంటే నాకు ప్రాణం. నా పెళ్లిలో ఎద్దు పక్కన తానే నడుస్తానని, నవ్వు రాకుండా ఏడుస్తానని నాకు మాటిచ్చింది. నెలల తరబడి అందరి మీదా అరిచాను గానీ నేను కూడా అప్పటిదాకా ఆమె కోసం ఏడవలేదు.

అమ్మ నా ఏడుపు విన్నది. జనాన్ని తోసుకుంటూ గడ్డివాము దగ్గరికొచ్చింది. మొహమంతా తడి. ముక్కు కారుతోంది. గాజులు జారి వేళ్ల దాకా వచ్చాయి. నా పాదాలు రెండూ పట్టుకుని, ఏడుస్తూనే, "ఆడ కాదు, ఈడ గాలి తీసుకోవాల," అని తప్పు దిద్దింది. తర్వాత నా కోసం ఏడ్చింది. చావు రాగంలోంచి పెళ్లి రాగంలోకి ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆగలేదు. అంత ఏడుపుతో సాగనంపిన పెళ్లికూతురు మా తండాలో ఇంకొకతె లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత ఎవరికి వాళ్లు తామే నయం చేశామన్నారు. దేవతకు కోడి ఆలస్యంగా ముట్టిందని భగత్ అన్నాడు. టానిక్ పని చేసిందని డాక్టరుతో చెప్పి, ఇంకో సీసా తెచ్చుకున్నాడు నాయన. మేనత్త మాత్రం ఏమీ అనలేదు. పాట పూర్తి కాలేదని ఆమెకు కోపం.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం బండి కదిలినప్పుడు అమ్మ తండా చివరి దాకా నా పక్కనే నడిచింది. ఆమె గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా మాట్లాడుతోంది. అన్ని నెలల నుంచి అడగాలనుకున్నది నేను అడిగేశాను.

"యాలమ్మా ఇన్ని దినాలు ఏడవకపోతివి? మమ్మల్ని సంపితివి గదా."

అమ్మ బండి పట్టె పట్టుకుని నడుస్తోంది. నా వైపు చూడలేదు.

"ఏడిస్తే అది పోయినట్టే గదమ్మా," అంది. "నేను దాని పీనుగను సూడలేదు. ఏడవకుండా ఉన్నన్ని దినాలు, అది యాడో రొట్టెలు తట్టుకుంటాండాదిలే, నవ్వుకుంటాండాదిలే అనుకుంటాంటి. నేనొక్కదాన్నే గదా దాన్ని పట్టుకోనుండేది. ఈ దినం ఇడిసేస్తి. ఇంక అది లేదు."

బండి పట్టె వదిలి నిలబడిపోయింది. బండి సాగింది. నేను వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ దారి మధ్యలోనే కూర్చుని, రెండు చేతులూ ఖాళీగా ఒళ్లో పెట్టుకుని, ఈసారి పాట లేకుండా ఏడుస్తోంది. మేనత్త వచ్చి పక్కన కూర్చుంది.